ప్రార్థనతో బతికిన మన మామ్మగార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో మా చర్చి సంఘం స్త్రీల సమాజం ఏటా ఒక ఆదివారాన్ని పెద్ద వయసు స్త్రీలను గౌరవించడానికి కేటాయిస్తుంది. ఆ పని నా మీద పడి కొన్నేళ్ళయింది. ఊళ్ళో వేరే సంఘాలవాళ్ళు, కుటుంబాలవాళ్ళు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ అదే చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నిటికి ఒక్క మాట చాలు.

ఏ వయసు దాటినవాళ్ళను పిలవాలి?

2007 నాటి సీనియర్ సిటిజన్ల సంరక్షణ చట్టం లెక్కలో 60 నిండితే సీనియర్ సిటిజన్. బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) అయిదో అధ్యాయంలో కూడా, విధవరాళ్ళ లెక్కలో చేర్చడానికి పౌలు పెట్టిన హద్దు 60 ఏళ్ళే. అయితే ఇప్పుడు 60 ఏళ్ళావిడ స్కూటీ మీద చర్చికి వస్తోంది. ఆమెను స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పితే కోప్పడుతుంది. మేము 75 పెట్టుకున్నాం.

ఆధార్ కార్డులో పుట్టినరోజు చూసి తేల్చకండి. ఆ తరంలో చాలామందికి అది ఎవరో ఉజ్జాయింపుగా రాసిన తేదీ. మా మామ్మగారు ఒకరికి కార్డు ప్రకారం 78. మాటల్లో మాత్రం, "బాంబులు పడినప్పుడు నేను మా అమ్మ చంకలో ఉన్నానట, ఊరంతా ఖాళీ చేసి పోయారట" అన్నారు. జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. ఇంక లెక్క మీరే వేసుకోండి.

బతికున్నవాళ్ళనే గౌరవించాలా, ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయినవాళ్ళను కూడానా?

ఇద్దరినీ. కానీ ముందు బతికున్నవాళ్ళను. భూస్థాపన రోజున సమాధి దగ్గర జనం చెప్పే మంచి మాటలన్నీ నిజమే. వినాల్సిన మనిషి ఒక్కరే అక్కడ వినరు. ఒక తల్లి పోయాక పెట్టిన ఆదరణ కూడికలో పెద్దాయన ఒకరు లేచి, చిన్నప్పుడు తన స్కూలు ఫీజు ఈ తల్లే కట్టిందని ఏడ్చేశారు. ఆమె పిల్లలకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ రోజు ఇంటికొచ్చి మేము చేసిన మొదటి పని, బతికున్నవాళ్ళ జాబితా రాసుకోవడం.

ఇలా మనుషుల్ని పొగడటం వాక్యానుసారమేనా? మహిమ దేవునికే కదా?

ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, ఎక్కువగా మగవాళ్ళు. (అయ్యగారి (అంటే పాస్టరుగారి) షష్టిపూర్తికి వీధంతా ఫ్లెక్సీలు కట్టినప్పుడు ఈ అనుమానం ఎవరికీ రాలేదు. సరే, అది వేరే సంగతి.)

బైబిలు ఇలాంటి స్త్రీలను పేరు పెట్టి మరీ గుర్తుపెట్టుకుంది. లూకా రెండో అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రి గురించి ఉన్నవి మూడు వచనాలే. అందులోనే ఆమె తండ్రి ఫనూయేలు అనీ, గోత్రం ఆషేరు అనీ, భర్తతో కాపురం చేసింది ఏడేళ్ళేననీ రాసి ఉంది. తిమోతి విశ్వాసం మాట వచ్చేసరికి పౌలు అవ్వ లోయి పేరూ తల్లి యునీకే పేరూ రాశాడు. రోమా పత్రిక చివరి అధ్యాయం ఫీబే అనే స్త్రీ పేరుతో మొదలవుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలోని దొర్కా సంగతి. యొప్పేలో ఆమె చనిపోతే పేతురును పిలిపించారు. ఆయన మేడగదిలోకి వచ్చేసరికి విధవరాళ్ళు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, బట్టలు చూపించారు. గొప్ప భక్తురాలు, ప్రార్థనావీరురాలు అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. చేతిలో ఉన్న బట్ట చూపించారు, అంతే. మా కార్యక్రమమంతా ఆ పద్ధతే. బిరుదులు చదవం, ఆమె చేసినదేదో చూపిస్తాం.

మా మామ్మ చదువుకోలేదు, ఏ పదవిలోనూ లేదు. ఏం చెప్పాలి?

అందరికన్నా ఎక్కువ చెప్పాల్సింది ఇలాంటివాళ్ళ గురించే. ముందు వంటింట్లో మొదలుపెట్టండి.

మన పాత సంఘాల్లో గుప్పెడు బియ్యం అలవాటు ఉండేది. అన్నానికి బియ్యం కొలిచాక, కడిగే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వెయ్యడం, నిండాక చర్చికి తీసుకెళ్ళడం. మా సంఘంలో ఒకావిడ పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఇది మానలేదు. పాలపొడి డబ్బా, మూత మీద సొట్ట. ఒకసారి కూర్చుని లెక్క కట్టాం. గుప్పెడు 40 గ్రాములు, రోజుకు రెండు పూటలు, నెలకు 2 కిలోల 400 గ్రాములు. ఏడాదికి 28 కిలోల పైమాట. యాభై ఏళ్ళకు 14 క్వింటాళ్ళు దాటింది. భర్త పోర్టులో కూలి, ఇంట్లో అయిదుగురు పిల్లలు. ఆ 14 క్వింటాళ్ళు ఆమె మిగులులోంచి రాలేదు, ఇంటిల్లిపాదీ తినాల్సినదాంట్లోంచి వచ్చాయి. ఆ ఆదివారం ప్రసంగం బదులు ఆ డబ్బా బల్ల మీద పెట్టి ఈ లెక్క చదివాం. యువకులు కూడా ఫోన్లు పక్కన పెట్టి విన్నారు.

ఇంకొకావిడ సంగతి. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన రోజు, ఆదివారం. ఆరాధన లేదు, చర్చికి వెళ్ళే దారే లేదు. వాళ్ళ వీధిలో శ్లాబు ఇల్లు ఆమెదొక్కటే. రేకులు ఎగిరిపోయినవాళ్ళంతా అక్కడికి చేరారు, వాళ్ళలో క్రైస్తవులు ఎంతమందో ఎవరూ చూసుకోలేదు. సాయంత్రం దాకా ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఒక్కొక్కరి పేరే ఎత్తి ప్రార్థన చేశారట. పేరు తెలియనివాళ్ళను అడిగి తెలుసుకుని మరీ చేశారట. తరవాత కరెంటు లేని రోజుల్లో అదే ఇంట్లో కట్టెల పొయ్యి మీద గంజి కాచి అందరికీ పోశారు. ఈ సంగతి మాకు చెప్పింది ఆమె కాదు. ఆ రోజు అక్కడ తలదాచుకున్న పక్కింటి కుటుంబం, వాళ్ళు హిందువులు. కాబట్టి సమాచారం కోసం సంఘం లోపలే తిరగకండి, ఇరుగుపొరుగును అడగండి.

కేజీహెచ్ (పెద్దాసుపత్రి) వార్డుల్లో ముక్కూమొహం తెలియని రోగుల పక్కన కూర్చుని వచ్చినవాళ్ళు, మందిరం తుడిచి చాపలు పరిచినవాళ్ళు, సంధి కుదిర్చి కాపురాలు నిలబెట్టినవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్ళ పేర్లు మినిట్స్ పుస్తకంలో ఉండవు.

విశాఖలో ఈ చరిత్ర ఎంత వెనక్కి వెళ్తుంది?

ప్రొటెస్టెంటుల వైపు 1805 దాకా. ఆ ఏడాది లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికి వచ్చి తెలుగులోకి బైబిలు అనువాదం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఒకరు చనిపోయారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు ఆ పనిలో వాళ్ళకు తోడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. తరవాతి కాలంలో వచ్చిన కెనడియన్ బాప్టిస్ట్ మిషన్ పేరే ఇప్పటికీ మనం ఆటోవాళ్ళకు చెప్పే సి.బి.ఎం. కాంపౌండ్‌లో ఉంది. కథోలికుల వైపు ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో, ఆ వెనకే ఆనెసి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు వచ్చారు.

ఇన్ని పేర్లు, ఇన్ని సంవత్సరాలు చెప్పగలిగాం కదా. వాటిలో ఒక్క తెలుగు స్త్రీ పేరు లేదు. దొరసానులు లోపలికి వెళ్ళలేని ఇళ్ళలోకి వెళ్ళి, ఆడవాళ్ళకు చదివి వినిపించి, పాటలు నేర్పిన బైబిలు స్త్రీలు కోస్తా అంతటా పనిచేశారు. వాళ్ళలో చాలామంది పేర్లు ఇంటివాళ్ళ నోట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

పేరు మిగిలితే ఏమవుతుందో ఒంగోలు చూపిస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అక్కడ కొండ మీద మోకాళ్ళూనినవాళ్ళు అయిదుగురు. మిషనరీ జ్యూవెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. జూలియా పేరు ఎవరో రాసిపెట్టారు కాబట్టి 170 ఏళ్ళ తరవాత నేను ఇక్కడ పలుకుతున్నాను.

జ్ఞాపకాలు సేకరించేటప్పుడు ఏం అడగాలి?

"మీ విశ్వాస జీవితం గురించి చెప్పండి మామ్మగారూ" అని మాత్రం అడగొద్దు. వాళ్ళు నలభై ఏళ్ళుగా చెబుతున్న సాక్ష్యమే, అవే మాటలతో, అదే వరసలో చెబుతారు. చిన్న ప్రశ్నలు వెయ్యండి. మొదటి బైబిలు ఎవరిచ్చారు? చదవడం ఎవరు నేర్పారు? ఇంట్లో ప్రార్థనకు ఎక్కడ కూర్చునేవారు? ఎన్నింటికి లేచేవారు? చంటిపిల్లలున్నప్పుడు ఎలా కుదిరేది? అత్తగారు ఏమనేవారు? చివరగా, బాగా పరిచయమయ్యాక ఇది అడగండి: ఏ ప్రార్థనకు జవాబు రాలేదు? మాకు అన్నిటికన్నా విలువైన మాటలు ఈ ప్రశ్నకే వచ్చాయి. అందరూ జవాబు చెప్పలేదు. ఒకావిడ చాలాసేపు ఊరుకుని, "మా పెద్దాడు" అని ఆపేశారు. మేమూ ఆపేశాం.

వెళ్ళాల్సింది టిఫిను, బీపీ మాత్ర అయ్యాక, పదింటి ప్రాంతంలో. గంట దాటొద్దు, కావలిస్తే ఇంకో రోజు వెళ్ళండి. ఫోన్లో రికార్డు చేస్తుంటే ముందే చెప్పండి. పక్కన ఎవరుంటారన్నది కూడా ముఖ్యమే. కోడలు పక్కనుంటే కొన్ని మాటలు బయటికి రావు. కొడుకు పక్కనుంటే అసలే రావు. మనవరాలు ఉంటే మంచిది.

పాటలు తప్పకుండా పాడించండి. పెద్దవాళ్ళు కీర్తనను పల్లవితో కాకుండా పాటల పుస్తకంలోని నంబరుతో చెబుతారు, కొందరు పాత బాణీలో పాడతారు. ఆ బాణీ ఇప్పుడు కీబోర్డు వాయించే అబ్బాయికి తెలియదు. రికార్డు చెయ్యకపోతే అది ఆమెతోనే పోతుంది.

ఆమెకు మతిమరుపు వచ్చింది. పిలవొచ్చా?

పిలవండి, ఇంటివాళ్ళు ఒకరు పక్కనే ఉండాలి. "నేనెవరో చెప్పుకో మామ్మా" అని ఎవరూ పరీక్ష పెట్టకుండా చూడండి. మైకు ఇవ్వొద్దు. పాట అందుకోండి చాలు. సొంత కూతురి పేరు గుర్తులేని ఒకావిడ మూడు చరణాలూ తప్పు లేకుండా పాడారు. పాడాక, "భోజనాలు ఎప్పుడు?" అన్నారు. అందరం నవ్వాం, ఆమె కూడా నవ్వారు.

అమ్మ పోయాక ఆమె ప్రార్థన పుస్తకాలు దొరికాయి. సభలో చదవొచ్చా?

వద్దు. దీని మీద నేను కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఒకసారి తప్పు చెయ్యబోయాం. ఒక తల్లి పాత డైరీల్లో ఏళ్ళ తరబడి ప్రార్థన మనవులు రాసుకున్నారు. చూడగానే కళ్ళు చెమర్చాయి. రెండు పేజీలు చదివిద్దామని స్క్రీను మీద వెయ్యడానికి ఫొటో కూడా తీశాం. ముందు రోజు రాత్రి నింపాదిగా చూస్తే అందులో ఒకరి తాగుడు, ఒకరి అప్పు, ఒక అమ్మాయి పెళ్ళి తప్పిపోయిన కారణం, అన్నీ పేర్లతో సహా ఉన్నాయి. వాళ్ళు మరుసటి రోజు మూడో వరసలో కూర్చోబోయేవాళ్ళు. ఆమెను నమ్మి చెప్పుకున్న మాటలవి. ఆమె దేవుడితో తప్ప ఎవరితోనూ అనలేదు.

అట్ట చూపించండి, ఎన్ని పుస్తకాలో చెప్పండి. మీ కుటుంబం గురించి ఉన్న మనవి ఏదైనా ఉంటే, ఇంట్లో అందరూ ఒప్పుకుంటే, అది చదవండి. మిగతాది బీరువాలో పెట్టెయ్యండి.

శాలువానా, మెమెంటోనా, చీరా?

శాలువాలు ప్రతి ఇంట్లోనూ నాలుగు పడున్నాయి, విశాఖ ఉక్కలో ఎవరూ కప్పుకోరు. మెమెంటో మీద దుమ్ము దులపడం ఇంకో పని. మెత్తటి నేత చీర, పెద్ద అక్షరాల బైబిలు, చూపు బాగా తగ్గినవాళ్ళకు వాక్యం వినిపించే చిన్న ఆడియో పెట్టె. ఈ మూడింట్లో ఏది కావాలో ముందే ఆమెనే అడగండి.

ఎప్పుడు పెట్టుకోవాలి? ఎంతసేపు?

ఏప్రిల్, మే వద్దు, ఉక్క. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. డిసెంబరులో క్రిస్మస్ పనులతో ఎవరికీ ఊపిరాడదు. జనవరి చివర, ఫిబ్రవరి బాగుంటాయి. కొన్ని సంఘాలు మార్చి మొదటి శుక్రవారం వచ్చే ప్రపంచ ప్రార్థన దినంతో కలిపి చేసుకుంటాయి, అదీ మంచిదే. పింఛను పంచే రోజున మాత్రం పెట్టకండి. ఆ రోజు ఇంటికి పింఛను తెస్తారు, సంతకమో వేలిముద్రో వెయ్యకుండా ఏ మామ్మగారూ గడప దాటరు. మొదటి ఏడాది ఈ చిన్న విషయం తెలియక పదిహేను కుర్చీల్లో ఆరు ఖాళీగా ఉన్నాయి.

గంటన్నర దాటనివ్వకండి. షుగరు ఉన్నవాళ్ళు ఆకలికి ఆగలేరు. స్టేజీ ఎక్కించకండి, మనమే కిందికి దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. చేతులున్న కుర్చీలు వేయండి. వెస్టర్న్ టాయిలెట్ ఎంత దూరంలో ఉందో ముందే చూసుకోండి. భోజనం క్యూలో కాకుండా కూర్చున్న చోటికే, అందరికన్నా ముందు. ముఖ్య అతిథిగా నాయకుల్ని పిలిస్తే వాళ్ళు వచ్చేదాకా ఈ తల్లులు కూర్చోవాల్సి వస్తుంది, అందుకని మేము పిలవడం మానేశాం.

ఫ్లెక్స్ మీద ఏం రాయాలి?

ఏం రాసినా, అచ్చుకు ఇచ్చేముందు ముగ్గురు చదవండి. ఒక ఏడాది బతికున్నవాళ్ళ ఫొటోలు, వెళ్ళిపోయినవాళ్ళ ఫొటోలు కలిపి పంపాం. ప్రింటింగు వాళ్ళు వరసగా అందరి పేర్ల ముందూ "కీ.శే." పెట్టేశారు. ఆదివారం పొద్దున గేటు దగ్గర కట్టాక చూసుకున్నాం. తొందరపాటు మాది కూడా, వాట్సాప్‌లో నమూనా వస్తే చూడకుండానే ఓకే అనేశాను. అప్పటికే ఒక మామ్మగారు ఆటో దిగి తన పేరు చదువుకుంటున్నారు. నాకు కాళ్ళు ఆడలేదు. ఆవిడ మాత్రం, "పోన్లేమ్మా, ఎలాగూ కావల్సిందే, మళ్ళీ అచ్చు వేసే ఖర్చు తప్పింది" అన్నారు. అప్పటి నుంచి ఫ్లెక్స్ వెయ్యట్లేదు. చార్టు మీద సండే స్కూలు పిల్లలతో రాయిస్తున్నాం.

చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థం చేసేటప్పుడు సంఘాల మధ్య తేడాలు ఏమిటి?

కథోలికులు నవంబరు 2న, మనం సమాధుల పండుగ అనే రోజున, సమాధులు శుభ్రం చేసి పూలు, కొవ్వొత్తులు పెట్టి మృతుల ఆత్మల కోసం పూజ చేయిస్తారు. బాప్టిస్టులు, ఇంకా చాలా ప్రొటెస్టెంటు సంఘాలు మృతుల కోసం ప్రార్థించవు. అక్కడ జరిగేది ఆమె జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెప్పే కూడిక. ఒకే కుటుంబంలో రెండు వైపులవాళ్ళూ ఉంటే ముందే మీ గురువుగారినో పాస్టరుగారినో అడిగి తెలుసుకోండి.

బంధువుల్లో వేరే మతంవాళ్ళు ఉన్నారు. ఇబ్బంది అవుతుందా?

హార్బరు దగ్గర పక్కపక్క కొండల మీద వెంకన్న గుడి, దర్గా, మరియమాత చర్చి ఉన్న ఊరు మనది. పిలవండి. వాళ్ళను ఒక మాట మాట్లాడమనండి. ఆ రోజు వాళ్ళకు సువార్త చెప్పేద్దామనే తొందర మాత్రం పెట్టుకోవద్దు, వచ్చింది తమ పెద్దమ్మ కోసం.

ఆమె కోపిష్టి. అందరికీ తెలుసు. ఏం చెయ్యాలి?

ఉన్నది ఉన్నట్టు, ప్రేమతో చెప్పండి. "మా అత్తగారు తెల్లారి నాలుగింటికి ప్రార్థన చేసేవారు, నాలుగున్నరకి నన్ను తిట్టేవారు" అని ఒక కోడలు మొదలుపెట్టింది. అందరికన్నా ముందు నవ్వింది ఆ అత్తగారే. ఏ మచ్చా లేని మనిషిని వర్ణిస్తే, విన్న ఆడపిల్లలు అది తమ వల్ల కాదనుకుంటారు. అయితే గాయం నిజంగా పెద్దదైతే ఆ కుటుంబాన్ని మాట్లాడమని బలవంతపెట్టకండి.

మంచం మీద ఉన్నవాళ్ళ సంగతి?

అదే వారంలో ఇంటికి వెళ్ళండి. నలుగురికి మించి వద్దు, వచ్చినవాళ్ళకు టీ పెట్టే పని ఆ ఇంటి కోడలి మీద పడకూడదు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) కావాలంటే ముందే అయ్యగారికి చెప్పాలి. వెళ్ళిన ప్రతివాళ్ళూ ప్రార్థన చేసి వచ్చేస్తారు. మీరు మాత్రం ఒక్క క్షణం ఆగి, "మా కోసం ప్రార్థన చెయ్యండి మామ్మగారూ" అని తల వంచండి. మంచం పట్టాక ఆమెను ఆ మాట అడిగేవాళ్ళే కరువవుతారు.

ఆవిడ వద్దంటున్నారు. "నాకెందుకమ్మా ఇవన్నీ" అంటున్నారు.

ఒకసారి వద్దంటే బిడియం, ఇంకోసారి అడగండి. మూడోసారి కూడా వద్దంటే నిజంగానే వద్దని. మా దగ్గర ఒకావిడ మూడుసార్లూ వద్దన్నారు. పోనీ మీకేం కావాలో చెప్పండి అంటే, "చర్చి మెట్ల దగ్గర పట్టుకోవడానికి ఏమీ లేదు. పోయినేడు అక్కడే పడ్డాను" అన్నారు. ఆ ఏడాది చీరల డబ్బుతో మెట్లకు రెండు వైపులా స్టీలు రైలింగు పెట్టించాం. ఆమె పేరు దాని మీద రాయనివ్వలేదు. ఆదివారం నేను ముందు వెళ్ళిన రోజుల్లో చూస్తుంటాను, కుడివైపు రైలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి, పైకి వస్తుంటారు.